ఇరుంగట్టుకోట్టైకి రెండు టికెట్లు తీయి తమ్ముడూ

ప్రశ్న: అన్నా, నాకు 24 ఏళ్లు. మాది ఖమ్మం. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, నిజాంపేటలో రూము. చిన్నప్పటినుంచీ కార్లంటే ప్రాణం. ఆరు నెలల కిందట 2017 మోడల్ పోలో జీటీ టీఎస్ఐ సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. శనివారం రాత్రి పన్నెండు దాటాక నలుగురు ఫ్రెండ్స్‌మి నాలుగు కార్లలో ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) ఎక్కుతాం. పటాన్‌చెరు నుంచి శంషాబాద్ దాకా పందెం. ఓడినవాళ్లు బిర్యానీ పెట్టించాలి. మేం మందు తాగం. రోడ్డు ఖాళీగా ఉంటుంది, ఎవరికీ ఇబ్బంది లేదు. మా నాన్న ఆర్టీసీలో 31 ఏళ్లు డ్రైవర్‌గా చేసి రిటైరై ఖమ్మంలో ఉంటున్నారు. ఈ సంగతి ఎవరి ద్వారానో తెలిసి రెండు నెలలుగా నాతో మాట్లాడట్లేదు. "రేసులు బలిసినోళ్ల ఆట, సర్కారు సొమ్ము హుస్సేన్‌సాగర్ చుట్టూ తగలేసింది చాలదా" అని అమ్మతో అన్నారట. నేను 2023లో అక్కడ జరిగిన ఆ కరెంటు కార్ల రేసు, ఫార్ములా ఈ, చూసినవాణ్ని. నాకు నిజంగానే రేసు డ్రైవర్ కావాలని ఉంది. ఈలోగా కారుకి రీమ్యాప్ చేయించి (ఇంజను బలం పెంచేలా దాని కంప్యూటర్ సెట్టింగు మార్పించి), సైలెన్సర్ మార్పిద్దామనుకుంటున్నా. లక్ష దాకా అవుతుందంటున్నారు. చేయించమంటారా? నాన్నకి ఎలా నచ్చజెప్పాలి? పేరు వేయొద్దు.

సమాధానం:

తమ్ముడూ, రీమ్యాపూ సైలెన్సరూ తర్వాత చూద్దాం. ముందు ఆ శనివారం పందెం ఆపెయ్. ఈ వారం నుంచే. మిగతా ముగ్గురికీ నువ్వే ఫోన్ చేసి ఇక రానని చెప్పు. పిరికివాడంటారు, అననీ.

ఖాళీ రోడ్డు అని రాశావు. ఒకప్పుడు నాకూ అలాగే కనపడింది. 1996 ఫిబ్రవరి, గుంటూరు నుంచి సత్తెనపల్లి వెళ్లే దారి. నా దగ్గర మారుతీ 800, నా స్నేహితుడి చేతిలో వాళ్ల నాన్నగారి ప్రీమియర్ పద్మిని. రాత్రి పదకొండు దాటింది. వాణ్ని దాటేద్దామని కుడివైపుకి ఎక్కాను. స్పీడోమీటర్ ముల్లు 110 దగ్గర వణుకుతోంది. హెడ్‌లైట్ల వెలుగు చివర నాలుగు పచ్చటి చుక్కలు మెరిశాయి. అవి ఎడ్ల కళ్లని తెలిసేసరికి బ్రేకు మీద లేచి నిలబడ్డాను. చక్రాలు పట్టేశాయి. కారు అడ్డం తిరిగి, మార్జిన్ దిగి, తుమ్మచెట్టుకి మూరెడు దూరంలో ఆగింది. మిర్చి టిక్కీలు వేసుకుని గుంటూరు యార్డుకి పోతున్న ఎడ్లబండి అది. ఆ ముసలాయన పగ్గాలు బిగించి, కిందికి దిగి నా దగ్గరికొచ్చాడు. తిడతాడనుకున్నాను. "దెబ్బేమన్నా తగిలిందా బాబూ" అని అడిగి, తన సీసాలో నీళ్లు తాగమని ఇచ్చాడు. నేను చంపబోయిన మనిషి చేతి నీళ్లు తాగాను. సీసా నోట్లో పెట్టుకుంటే నా పళ్లు దానికి తగిలి టకటకలాడిన చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఆ రాత్రి తర్వాత రోడ్డు మీద పందెం జోలికి పోలేదు.

నువ్వు లెక్కలొచ్చినవాడివి కాబట్టి ఒక లెక్క చెప్తాను. ఎదురుగా ఏదో కనపడ్డాక కాలు బ్రేకు మీదికి వెళ్లడానికి ఒక సెకను వేసుకుందాం. పొడి రోడ్డు, మంచి టైర్లు, గట్టి బ్రేకులు. 120 వేగంలో ఉన్న కారు ఆ సెకనులో 33 మీటర్లు పోతుంది, బ్రేకు పడ్డాక ఇంకో 70 మీటర్ల దాకా జారి ఆగుతుంది. మొత్తం వంద మీటర్ల పైచిలుకు. అదే చోట, అదే క్షణంలో పక్క లేన్‌లో 160లో వస్తున్నవాడు కూడా బ్రేకు కొట్టాడనుకో. మొదటి కారు పూర్తిగా ఆగిపోయిన గీత దగ్గర రెండో కారు ఇంకా 115 వేగంతో ఉంటుంది. మళ్లీ చదువు. 40 కిలోమీటర్లు ఎక్కువ వెళ్లినందుకు గుద్దే వేగం 40 అవుతుందని మన మనసు చెబుతుంది. మనసుకి వర్గాల (స్క్వేర్ల) లెక్క రాదు. మీరు పందెంలో 160 దగ్గర ఆగి ఉంటారని నేననుకోను కూడా.

ఇక ఆ గీత దగ్గర ఎవరుంటారో చెప్తాను. ఓఆర్ఆర్ 158 కిలోమీటర్లు. ఎనిమిది లేన్లు, లైట్లు. 2023లో లోపలి రెండు లేన్లకి వేగ పరిమితిని 120కి పెంచారు. టూవీలర్లు, నడిచేవాళ్లు ఎక్కకూడదు. కాగితం మీద అది బాగా క్షేమమైన రోడ్డు. కానీ అర్ధరాత్రి దాటాక ఎడమ పక్కకి చూసుకుంటూ ఎప్పుడైనా నెమ్మదిగా వెళ్లు. టైరు పగిలిన లారీ ఉంటుంది. వెనక రెండు బండరాళ్లు పెట్టి, టెయిల్ లైటు చోట ఒక వేపకొమ్మ గుచ్చి ఉంటారు. క్లీనర్ కుర్రాడు జాకీ కింద పడుకుని ఉంటాడు, వాడి కాళ్లు రెండూ లేన్‌లోకి చాచి ఉంటాయి. నీ వెలుగులో నీకు కనపడేది ఆ హవాయి చెప్పులే. కంటోన్మెంట్ ఎమ్మెల్యే లాస్య నందిత 2024 ఫిబ్రవరి 23 తెల్లవారుజామున చనిపోయింది ఈ ఓఆర్ఆర్ మీదే, పటాన్‌చెరు దగ్గరే. మీ పందెం మొదలయ్యేది కూడా అక్కడి నుంచే అని నువ్వే రాశావు.

చట్టం సంగతి కూడా తెలిసుండాలి. రోడ్డు మీద వేగం పందేలకి మోటారు వాహనాల చట్టంలో 189వ సెక్షన్ ఉంది. మొదటిసారి పట్టుబడితే మూడు నెలల దాకా జైలు గానీ 5 వేల దాకా జరిమానా గానీ, రెండూ గానీ. మళ్లీ పట్టుబడితే ఏడాది, 10 వేలు. నీ ఉద్యోగానికి బ్యాక్‌గ్రౌండ్ చెక్కులుంటాయి కదా, ఆలోచించుకో. 2022లో మన దేశంలో రోడ్ల మీద చనిపోయినవాళ్లు 1,68,491 మంది. అందులో పదింట ఏడు చావులకి కారణం అతివేగం అని కేంద్ర రవాణా శాఖ లెక్కగట్టింది.

ఇదంతా చదివి, ఈయనకి రేసులంటే పడవేమో అనుకుంటావు. నాకు రేసులంటే ఎంత ఇష్టమో చెప్పాలంటే ఈ జాగా సరిపోదు. ఇష్టం కాబట్టే మీరు చేసేదాన్ని రేసు అంటే ఒప్పుకోలేను. రేసు ట్రాకులో ఎదురొచ్చే బండి ఉండదు. మలుపు దాటిపోతే ఆపడానికి కంకర మేట ఉంటుంది, దాని వెనక టైర్ల గోడ ఉంటుంది. ప్రతి మలుపు దగ్గరా జెండాలు పట్టుకుని మార్షల్స్ ఉంటారు. డాక్టరు, అంబులెన్సు లేకపోతే పచ్చలైటు వెలగదు. ఇవేవీ ఊరికే రాలేదు. ఒక్కొక్కటీ ఒక మనిషి ప్రాణం ఖరీదుతో వచ్చింది.

1955 లె మాన్స్‌లో ఒక మెర్సిడెస్ జనంలోకి ఎగిరిపడి 80 మందికి పైగా ప్రేక్షకులు చనిపోయారు. ఆ దెబ్బకి స్విట్జర్లాండ్ తన దేశంలో సర్క్యూట్ రేసులనే నిషేధించింది. 1966లో బెల్జియంలోని స్పా ట్రాకు మీద వానలో బ్రిటన్ రేసు డ్రైవర్ జాకీ స్టివార్ట్ కారు పడిపోయింది. ట్యాంకు చిట్లి, ఒంటి నిండా పెట్రోలుతో, స్టీరింగ్ కింద ఇరుక్కుపోయి దాదాపు 25 నిమిషాలు ఉన్నాడు. అతన్ని బయటికి తీయడానికి సాయం వచ్చింది తోటి డ్రైవర్లు. స్టీరింగ్ విప్పడానికి స్పానరు కూడా అక్కడ లేకపోతే, రేసు చూడ్డానికొచ్చిన ఒకాయన కారు టూల్‌కిట్‌లోంచి తెచ్చారు. అంత పెద్ద రేసులో ఒక స్పానరు లేదు. అక్కడి నుంచి స్టివార్ట్ పోరాటం మొదలుపెట్టాడు. సీటుబెల్టులు కావాలన్నాడు, గోడలు కావాలన్నాడు, డాక్టర్లు కావాలన్నాడు. ట్రాకుల ఓనర్లు తిట్టారు, పత్రికలు పిరికివాడన్నాయి. ఆ పిరికివాడు మూడుసార్లు ప్రపంచ ఛాంపియన్. ఫోన్‌లో నీ ఫ్రెండ్స్ ఆ మాటంటే స్టివార్ట్‌ని తలుచుకో.

1994లో ఇమోలాలో ఒక్క వారాంతంలో రాట్జెన్‌బర్గర్, సెన్నా అనే ఇద్దరు రేసు డ్రైవర్లు పోయారు. అప్పుడు రేసుల అంతర్జాతీయ సమాఖ్యకి అధ్యక్షుడు మ్యాక్స్ మోస్లీ. ట్రాకులు బాగుచేయించడంతో ఆయన ఊరుకోలేదు. మనలాంటి మామూలు మనుషులు కొనే కార్లను గోడకి గుద్దించి, నక్షత్రాలు వేసి, పేపర్లో వేయించే యూరో ఎన్‌క్యాప్ వెనక గట్టిగా నిలబడ్డాడు. 1997లో మొదటి ఫలితాలు వచ్చినప్పుడు కంపెనీలు గగ్గోలు పెట్టాయి. తర్వాత అవే కంపెనీలు ఐదు నక్షత్రాల కోసం పోటీ పడ్డాయి. ఆ పరీక్షలు 2014లో మన కార్ల దాకా వచ్చాయి. ఆల్టో, నానో, ఐ10, ఫిగో, పోలో, ఐదూ మన దేశంలో అప్పుడు అమ్మిన చౌక రకాలు, ఐదింటికీ సున్నా. అప్పుడేమైందో తెలుసా? ఎయిర్‌బ్యాగుల్లేని పోలో అమ్మకం ఆపేసి, ప్రతి పోలోకీ ముందు రెండు ఎయిర్‌బ్యాగులు తప్పనిసరి చేశారు. అవి పెట్టిన పోలోకి నాలుగు నక్షత్రాలొచ్చాయి. 2023లో మన సొంత భారత్ ఎన్‌క్యాప్ మొదలైంది. అంటే సెన్నా చనిపోయిన గోడకీ, నువ్వు తాళం తిప్పే పోలోకీ మధ్య ఒక దారి ఉంది. రేసుల మనుషులు వేసిన దారి అది. రేసు అంటే నాకు ఇదీ.

అందుకే కారు పిచ్చి ఉన్నవాడికి ఊరి పట్ల బాధ్యత ఎక్కువ అంటాను. కారు గురించి నీకు తెలిసినంత నీ అపార్ట్‌మెంట్‌లో ఎవరికి తెలుసు? ఎర్రన్నాయుడు 2012లో రణస్థలం దగ్గర, శోభా నాగిరెడ్డి 2014 ఎన్నికల ప్రచారంలో, హరికృష్ణ 2018లో నల్లగొండ దగ్గర. మన రెండు రాష్ట్రాల్లో రోడ్డు మింగేసిన పెద్దల జాబితా ఇలా పోతూనే ఉంటుంది. హరికృష్ణ స్వయంగా నడుపుతున్నారు, సీటుబెల్టు పెట్టుకోలేదని పోలీసులే చెప్పారు. అయినా ఈరోజు ఏ నాయకుడి కాన్వాయ్ అయినా చూడు. సన్‌రూఫ్‌లోంచి నడుం దాకా బయటికొచ్చి చేతులూపడం, వెనక సీట్లో బెల్టు పెట్టుకుంటే నామోషీ అనుకోవడం. 2017 మే 1 నుంచి ఎర్రబుగ్గలు తీసేయించారు, 2012లోనే అద్దాల నల్ల ఫిల్ములు సుప్రీంకోర్టు వద్దంది. బుగ్గ పోయింది గానీ బుగ్గ మనసు పోలేదు. నీలాంటివాడు తన కారులో వెనక కూచున్నవాళ్లు బెల్టు పెట్టుకునేదాకా గేరు వేయనని పట్టుబడితే, అది నాకు ఏ పార్టీ మీటింగు కన్నా పెద్ద ప్రజాసేవ.

ఇప్పుడు మీ నాన్నగారి మాటకొస్తాను. ఆయన అన్నదాంట్లో సగం నిజం. రేసింగ్ డబ్బున్నవాళ్ల ఆటే. ఒక పిల్లవాణ్ని కార్టింగ్ (చిన్న రేసు బండ్ల పోటీలు) నుంచి యూరప్ దాకా పంపాలంటే కోట్లు కావాలి. నారాయణ్ కార్తికేయన్ 2005లో కారు రేసుల్లో పై మెట్టయిన ఫార్ములా 1 (ఎఫ్1) లోకి వెళ్లిన తొలి భారతీయుడు, అప్పటికి అతనికి 28 ఏళ్లు. కానీ 1992లోనే, 15 ఏళ్లకే, ఫ్రాన్స్‌లో రేసింగ్ స్కూల్‌లో చేరాడు. నీకు 24. నీకు అబద్ధం చెప్పను: ఎఫ్1 దారి నీకు మూసుకుపోయింది. ఇంతకంటే మెత్తగా చెప్పడం నాకు చేతకాలేదు, ఏమనుకోకు.

సర్కారు సొమ్ము మాట కూడా కొట్టిపారేసేది కాదు. 2023 ఫిబ్రవరి 11న నేనూ హుస్సేన్‌సాగర్ ఒడ్డున స్టాండులో ఉన్నాను. 2.83 కిలోమీటర్లు, 18 మలుపులు, పక్కన కొత్త సెక్రటేరియట్. పెట్రోలు వాసన లేదు, గర్జన లేదు. ఎక్కడో ఎత్తున జెట్ విమానం తిరుగుతున్నట్టు సన్నటి ఈల, మలుపు దగ్గర టైర్లు నేలని గీరే చప్పుడు. క్యాసిడీ అనే డ్రైవర్ వెన్నంటి తరుముతుంటే ఝాన్ ఎరిక్ వెర్న్ చివరి మలుపు దాకా కాచుకుని గెలిచాడు. నా కళ్లు చెమర్చాయి. మన ఊళ్లో, మన ట్యాంక్‌బండ్ దగ్గర. మరి ఆ మర్నాటికి మనకి మిగిలిందేమిటి? రోజుల తరబడి ట్రాఫిక్ మళ్లించారు, గోడలు పెట్టారు, తీశారు. రెండో ఏడాది రేసు రద్దయింది. దానికి కట్టిన డబ్బు మీద ఏసీబీ కేసు పెట్టింది. అది కోర్టులో తేలాల్సిన సంగతి, నేను తీర్పు చెప్పబోను. నా బాధ వేరు. ఆ రేసు చూసి నీలాంటి పిల్లలు వేలమంది ఊగిపోయారు. వాళ్లు సోమవారం పొద్దున వెళ్లి కారు నడుపుకోవడానికి ఊరికి ఒక సర్కారు ట్రాకు లేదు. అందుకే ఓఆర్ఆర్ ఎక్కుతున్నారు.

నోయిడా పక్కన బుద్ధ్ సర్క్యూట్ కట్టారు. 2011, 12, 13, మూడేళ్లూ ఎఫ్1 వచ్చింది, మూడూ జర్మన్ డ్రైవర్ వెటెల్ గెలిచాడు, తర్వాత పన్నుల గొడవలు, ఎఫ్1 మళ్లీ రాలేదు. మద్రాసువాళ్లు ఇంకోలా చేశారు. అక్కడి మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు 1953 నాటిది. షోలవరంలో యుద్ధకాలం నాటి రన్‌వే మీద రేసులు పెట్టుకునేవాళ్లు. తర్వాత శ్రీపెరుంబుదూర్ దగ్గర ఇరుంగట్టుకోట్టైలో సొంత ట్రాకు కట్టుకున్నారు. 1990 నుంచి నడుస్తోంది, 3.7 కిలోమీటర్లు. ఆర్భాటమేమీ లేదు. కోయంబత్తూరులో రేసు కార్లు తయారుచేసిన కరివర్ధన్ పేరున ఇంకోటి ఉంది, కరి మోటార్ స్పీడ్‌వే, 2.1 కిలోమీటర్లు. కార్తికేయన్, చందోక్ లాంటి రేసు డ్రైవర్లు వచ్చింది ఆ గడ్డ నుంచి. మన అనిందిత్ రెడ్డి హైదరాబాద్ కుర్రాడు, యూరో జేకే అనే దేశీయ రేసుల టైటిల్ గెలిచాడు, కానీ గెలవాలంటే తమిళనాడో నోయిడానో పోవాల్సి వచ్చింది. ఒక్క వారాంతపు వెలుగుకి పెట్టే డబ్బు కన్నా, ఊరి బయట ఒక చిన్న ట్రాకుకి నేల ఇస్తే చాలంటాను. పొద్దున డ్రైవింగ్ లైసెన్సు పరీక్షలు, సాయంత్రం పిల్లల కార్టింగ్, ఆదివారం రేసులు. ఇది నా ఖాయమైన అభిప్రాయం, ఏ ప్రభుత్వం ఉన్నా ఇదే అంటాను.

మీ నాన్నగారికి తెలియని సంగతి ఒకటుంది, నువ్వు చెప్పాల్సింది అదే. ఫార్ములా ఈ కారులో బ్యాటరీ పొదుపుగా వాడితేనే రేసు మొత్తానికి సరిపోతుంది. మొదటి నుంచీ చివరిదాకా తొక్కితే మధ్యలోనే ఆగిపోతుంది. అందుకని డ్రైవర్లు మలుపుకి చాలా ముందే ఎక్సలేటర్ మీది కాలు తీసేసి, కారుని దాని ఊపుతో దొర్లనిస్తారు. ఎంత ముందు తీయాలి, ఎంత దొర్లనివ్వాలి అన్నదాంట్లోనే గెలుపోటములున్నాయి. ఇది చదువుతుంటే ఏమైనా గుర్తొచ్చిందా? కేఎంపీఎల్. ఆర్టీసీ డిపోలో ప్రతి డ్రైవర్‌కీ లీటరుకి ఎన్ని కిలోమీటర్లు తెచ్చాడని లెక్క రాస్తారు. మీ నాన్నగారు 31 ఏళ్లు చేసింది అదే పని. స్టాపు ఇంకా దూరంగా ఉండగానే కాలు తీసి, యాభై మందితో ఉన్న బస్సుని ఊపుతోనే పోనిచ్చి, నిలబడ్డ ముసలమ్మ తూలకుండా ఆపడం. వెర్న్ హుస్సేన్‌సాగర్ దగ్గర చేసిందీ, మీ నాన్నగారు సూర్యాపేట రూటులో చేసిందీ ఒకే విద్య. స్టివార్ట్‌కి పేరొచ్చింది కూడా ఆ మెత్తదనానికే. రేసు డ్రైవర్ కావాలనుకునే నీకు మొదటి గురువు ఇంట్లోనే ఉన్నాడు, ఆయనతో నువ్వు మాట్లాడుకోవట్లేదు.

కాబట్టి నచ్చజెప్పడం పక్కన పెట్టు. ఖమ్మం వెళ్లు. పందెం ఆపేశానని చెప్పు, ఆపాకే చెప్పు. వివరణ వద్దు. పోలో తాళాలు ఆయన చేతిలో పెట్టి, "సూర్యాపేట దాకా పోయొద్దాం, మీరు నడపండి" అను. క్లచ్ పెడల్ లేని బండి, మొదట్లో ఎడమకాలు వెతుక్కుంటారు. నువ్వు పక్క సీట్లో కూచుని రోడ్డు చూడకు, ఆయన కళ్లు ఎక్కడ ఉన్నాయో చూడు. ముందు బండి వెనక అద్దం మీద ఉండవు. దానికి ముందున్న బండినీ, దానికీ ముందు రోడ్డు దాటబోతున్న గేదెనీ చూస్తుంటాయి. బ్రేకు మీద కాలు పడిన క్షణం నీకు తెలుస్తుందేమో గమనించు. తెలియదని నా పందెం. ఈ ఒక్క పందెం ఒప్పుకుంటాను.

రీమ్యాప్ వద్దు. కంపెనీ ఇచ్చిన తీరు దాటి బండిని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019లో చెప్పింది. రేపు ఏదైనా జరిగితే ఇన్సూరెన్సువాళ్లు మొదట వెతికేది అదే. నీ కారులో ఉన్నది ఆటోమేటిక్ గేర్‌బాక్సు, ఏడు గేర్ల డ్రై క్లచ్ డీఎస్‌జీ, ఇంజను బలం పెంచితే ఆ భారమంతా ముందు క్లచ్ మీదే పడుతుంది. సైలెన్సర్ గురించి అయితే, నిజాంపేట సందుల్లో రాత్రి ఒంటిగంటకి ఉలిక్కిపడి లేచే చంటిపిల్లలనీ, వాళ్ల తల్లులనీ తలుచుకో, చాలు. ఆ లక్షలో కొంత తీసి ముందు ఈ పని చెయ్: టార్చి పట్టుకుని టైరు పక్కగోడ చూడు. ఒక చిన్న గడిలో నాలుగంకెలుంటాయి. 2317 అని ఉంటే 2017లో 23వ వారంలో తయారైన టైరని అర్థం. అలా ఉంటే నువ్వు ఇన్నాళ్లూ పందెం కాసింది రాయిలా గట్టిపడిపోయిన రబ్బరు మీద. నాలుగూ మార్చు. బ్రేకు ఆయిల్ ఎప్పుడు మార్చారో కారు అమ్మినవాళ్లని అడుగు. అది గాల్లో తేమ పీల్చుకుంటుంది, పాతబడితే వరసగా గట్టి బ్రేకులు కొట్టినప్పుడు మరిగి పెడల్ లోపలికి పోతుంది. రెండేళ్లకోసారి మార్చడం మంచిది.

మిగిలిన డబ్బు దాచు. ఎఫ్1 లేదన్నాను గానీ రేసింగ్ లేదనలేదు. శంషాబాద్ వైపు కార్టింగ్ ట్రాకులున్నాయి, వారానికోసారి వెళ్లు. స్టాప్‌వాచ్‌లో నీ టైము నిలకడగా వస్తుందా చూసుకో, ఒక్క వేగమైన ల్యాపుకి మురిసిపోకు. మోటార్ స్పోర్ట్స్ సమాఖ్య ఎఫ్ఎంఎస్‌సీఐ లైసెన్సు తీసుకుంటే దేశీయ పోటీల్లో దిగొచ్చు. ఎల్‌జీబీ ఫార్ములా 4 అని స్విఫ్ట్ ఇంజనుతో నడిచే ఒంటి సీటు కార్ల తరగతి ఉంది, పెద్ద వయసువాళ్లూ నడుపుతారు. అదీ లక్షల్లో పనే. కార్ల ర్యాలీ పోటీల్లో కో-డ్రైవర్‌గా వెళ్లడానికి ఖర్చు తక్కువ. నోట్స్ చదివి దారి చెప్పేవాడు లేకపోతే ర్యాలీ డ్రైవర్ గుడ్డివాడే. నువ్వు కోడ్ రాసేవాడివి, ఆ శ్రద్ధ నీకు ఉంటుంది. ఇంకా బీటెక్ చదివే తమ్ముళ్లెవరైనా ఉంటే ఫార్ములా భారత్ గురించి చెప్పు. విద్యార్థులే ఫార్ములా కారు తయారుచేసి కోయంబత్తూరులోని కరి ట్రాకు మీద పోటీ పడతారు.

వీటన్నిటికంటే ముందు చేయాల్సింది మార్షల్ పని. క్లబ్బువాళ్లు శిక్షణ ఇస్తారు. నారింజరంగు సూటు వేసుకుని ఎండలో రోజంతా ఒక మలుపు దగ్గర నిలబడాలి. పసుపు జెండా ఎప్పుడు ఊపాలి, చీపురు పట్టుకుని ట్రాకు మీదికి ఎప్పుడు పరిగెత్తాలి, ఎప్పుడు పరిగెత్తకూడదు. గోడకి ఇవతల నిలబడి ఒక కారు నీ వైపు జారుతూ రావడం ఒక్కసారి చూస్తే, వేగం అంటే ఏమిటో స్టీరింగ్ వెనక పదేళ్లున్నా తెలియనంత తెలుస్తుంది. ఆ 1966లో స్పా ట్రాకు పక్కన లేకుండా పోయిన మనిషివి నువ్వవుతావు.

ఇరుంగట్టుకోట్టైలో జాతీయ ఛాంపియన్‌షిప్ రౌండు ఎప్పుడుందో చూసి టికెట్లు తీయి. రెండు. చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఖమ్మం మీదుగానే పోతుంది. హైదరాబాద్‌లో నువ్వెక్కు. పక్క బెర్తు మీద నీ బ్యాగు పెట్టి ఎవర్నీ కూచోనివ్వకు. ఎండకి టోపీలు రెండు, మంచినీళ్లు ఎక్కువ. రాత్రి ఖమ్మంలో బండి ఆగినప్పుడు తలుపు దగ్గర నిలబడి ఉండు, సంచి అందుకోవడానికి.